వడ్ల గాదెలో రెక్కల పురుగు, ప్యాకెట్‌లో బ్యాక్టీరియా

నిల్వ ధాన్యం మీద పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం నుంచి ధాన్యం గోదాముల మాజీ ఉద్యోగి జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే ఎక్కువ భాగం రెక్కల పురుగు గోలే. ఎండలు ముదిరి ఉక్క మొదలైతే మన జిల్లాల్లో ఏటా ఉండేదే ఇది. కొత్త సంగతేమిటంటే, చాలామంది "బ్యాక్టీరియా మందు" గురించి అడిగారు. ఎవరు మొదలెట్టారో గానీ ఆ కబురు నరసన్నపేట నుంచి చీపురుపల్లి దాకా పాకింది. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ నెల పురుగుల ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: అయ్యా, సంక్రాంతి ముందు నూర్చిన శ్రీకాకుళం సన్నాలు ఇంటి ఖర్చుకని గాదెలో పోసుకున్నాం. ఇప్పుడు సాయంత్రం పూట గాదె మూత తీస్తే గడ్డి రంగు చిన్న చిన్న రెక్కల పురుగులు గుంపుగా లేస్తున్నాయి. మందుల కొట్టాయన క్యాబేజీకి కొట్టే బ్యాక్టీరియా పొడి ఇచ్చి, "ఇది మనుషులకి ఏం చెయ్యదు, వడ్లలో కలిపెయ్యండి" అన్నాడు. కలపమంటారా?
ఒక రైతు, నరసన్నపేట మండలం

జవాబు: కలపకండి బాబూ. ఆ పొడి చెడ్డదని కాదు. మీ గాదెలో ఉన్న పురుగుకి అది అందదు.

కొట్టాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ ప్యాకెట్‌లో ఉండేది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. పొట్టిగా బీటీ అంటారు. బీటీ పత్తిలో ఉన్న బీటీ కూడా ఇదే. అక్కడ దీని జన్యువుని మొక్కలో పెట్టారు, ఇక్కడ బ్యాక్టీరియానే పెంచి, ఎండబెట్టి, పొడి చేశారు. ఈ బ్యాక్టీరియా తన బీజాన్ని తయారుచేసుకునేటప్పుడు దానితోపాటు ఒక ప్రోటీన్ పలుకుని కూడా తయారుచేస్తుంది. గొంగళి పురుగు ఆకుతో కలిపి దాన్ని మింగితే, దాని పేగులోని క్షారానికి ఆ పలుకు కరిగి, పేగు గోడకి చిల్లులు పడతాయి. పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. పైగా ఆ ప్రోటీన్ అతుక్కునే చోటు మన పేగులో లేదు. మనుషులకి ఏం చెయ్యదన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

అయితే ఇది తగిలితే చంపే మందు కాదు, వాసనకి చంపే మందూ కాదు. పురుగు మింగితేనే పని. మీ గాదెలోంచి లేస్తున్న ఆ రెక్కల పురుగులకి తినే పనే లేదు. వారం పది రోజులు బతికి, గుడ్లు పెట్టి పోతాయి. గుడ్డు ఏమీ తినదు. ఇక మిగిలింది పిల్ల పురుగు. మీకు వచ్చిన చిక్కంతా దానితోనే.

మీరు రాసిన రంగు, సైజు, సాయంత్రం పూట లేవడం చూస్తే ఇది వడ్లకి పట్టే రెక్కల పురుగే. శాస్త్రం పేరు సైటోట్రోగా. ఒకసారి గాదె పైనుంచి గుప్పెడు వడ్లు తీసి పళ్ళెంలో పోసుకుని, వెలుతురులో ఒక్కో గింజా తిప్పి చూడండి. కొన్ని గింజల మీద గుండ్రటి చిన్న మచ్చ కనిపిస్తుంది. అక్కడ పొట్టు పల్చబడి ఉంటుంది. గోటి మొనతో నొక్కితే ఆ పొర ఊడి లోపలికి దారి తెరుచుకుంటుంది. బియ్యం ఉండాల్సిన చోట పిండి, రెట్ట, మీ అదృష్టం బాగుంటే కదులుతున్న పురుగు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల పురుగు తల వెంట్రుక కన్నా కాస్త లావుంటుందేమో, పొట్టు సందులోంచో పగులులోంచో గింజలోకి దూరిపోతుంది. ఇక బయటికి రాదు. తినడం, పెరగడం, నిద్ర దశ, అన్నీ ఆ ఒక్క గింజలోనే. పైకి వచ్చే ముందు మాత్రం రెక్కలతో దారి దొరకదని ముందే గుండ్రంగా కొరికి, పల్చటి పొర ఒకటి మిగిల్చి ఉంచుకుంటుంది. మీరు చూసే మచ్చ అదే.

ఇప్పుడు చెప్పండి, పొట్టు మీద బీటీ పొడి ఎంత పట్టించినా లోపలున్నదానికి ఏం అందుతుంది? తలుపేసుకుని అన్నం తింటున్నవాడికి వీధి అరుగు మీద విషం చల్లినట్టు. గింజలోకి దూరేటప్పుడు కొరికే ఆ రవ్వంత పొట్టుతో ఎంతో కొంత మింగితే మింగవచ్చు. దాన్ని నమ్ముకుని తిండిగింజల్లో పొడి కలపడం నాకు సమ్మతం కాదు.

ఇంకో సంగతి. మీ చేతిలో ఉన్న ప్యాకెట్ మీద రాసిన పంటల పేర్లు చదవండి. క్యాబేజీ, పత్తి, ఆముదం, కంది, ఇలాంటివి ఉంటాయి. నిల్వ ధాన్యం అని రాసి లేకపోతే ఆ ప్యాకెట్‌కి మీ గాదెతో పని లేదు. బ్యాక్టీరియా ఒక్కటే కాదు, పొడి తడవడానికి, ఆకుకి అంటుకోవడానికి వేరే సరుకు కూడా కలుపుతారు. పొలంలో కొట్టే పొడి పొలానికే.

మరి ఏం చెయ్యాలి? ఈ పురుగు గుట్టలోకి లోతుగా దిగలేదు. రెక్కలున్నది గింజల మధ్య నుంచి కిందికి పోలేదు కాబట్టి నష్టం ఎక్కువగా పై పొరలోనూ, గాదె తడిక సందుల దగ్గరా ఉంటుంది. పైనుంచి జానెడుకి కొంచెం ఎక్కువ మందం తోడెయ్యండి. తూర్పారబట్టి, మంచి ఎండలో టార్పాలిన్ మీద పల్చగా, అంటే రెండు మూడు అంగుళాలకి మించకుండా ఆరబోయండి. ఆ వడ్లనే ముందు మిల్లుకి తోలండి, తిరిగి గాదెలో పొయ్యకండి. కిందివి పంటికింద వేసి కొరికి చూడండి. కటుక్కుమంటే సరే. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఇంట్లో నెలల తరబడి ఉంచే వడ్లకి తేమ 12, 13 శాతం మించకూడదు. గాదె తడిక సందులు పేడా బంకమట్టీ కలిపి మెత్తండి. మన పెద్దవాళ్ళు ఏటా కొత్త ధాన్యం పోసే ముందు గాదె అలికింది అందం కోసం కాదు. వడ్ల పైన సందు లేకుండా మందపాటి గుడ్డో టార్పాలినో పరిచి అంచులు దోపెయ్యండి. రెక్కల పురుగు గింజ మీద వాలకపోతే గుడ్డే లేదు.

వచ్చే ఏడాదికి ఒక మాట. ఈ పురుగు గాదెలో పుట్టింది అనుకోకండి. వెన్ను పాలు పోసుకునే దశలోనే పొలంలో గుడ్లు పెడుతుంది. మనవైపు కోసిన పనలు కుప్పేసి, తీరిక చూసుకుని నూర్చే అలవాటు ఉంది. కుప్ప ఎన్నాళ్ళుంటే దానికి అంత సావకాశం. నూర్పు ముందు పెట్టుకోండి, పాత వడ్ల పక్కన కొత్త వడ్లు పొయ్యకండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా ఇంట్లో బియ్యం నూక, బొంబాయి రవ్వ డబ్బాల్లో దారాలు దారాలుగా గూళ్ళు కడుతోంది. గరిటె పెడితే ఉండలు ఉండలుగా వస్తోంది. బూడిద రంగు రెక్కల పురుగు వంటింటి గోడల మీద కనబడుతోంది. దీనికైనా ఆ బ్యాక్టీరియా మందు పనిచేస్తుందా? అసలు బ్యాక్టీరియా అంటే జబ్బు కదా, తిండిలో కలపడమేమిటండీ?
ఒక గృహిణి, విజయనగరం కంటోన్మెంట్

జవాబు: అమ్మా, మీది వేరే పురుగు. ఇది బియ్యపు రెక్కల పురుగు, కోర్సైరా. దీని పిల్ల గింజలో దూరదు. బయట తిరుగుతూ, పట్టు దారం తీస్తూ, నూకనీ రవ్వనీ ఆ దారంతో అల్లుకుని, ఆ సొరంగంలో కూర్చుని తింటుంది. బయట తినే పురుగు కాబట్టి బీటీ పట్టిన గింజ తింటే చస్తుంది. అంటే మీ ప్రశ్నకి శాస్త్రం జవాబు "అవును".

అసలు ఈ బ్యాక్టీరియా కథే పిండి పురుగుతో ముడిపడి ఉంది. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త పట్టు పురుగులు వాలిపోయి చచ్చే జబ్బులో దీన్ని మొదట చూశాడు. ఆ తర్వాత 1911లో జర్మనీలో ఎర్న్‌స్ట్ బెర్లినర్ అనే ఆయన పిండిమర నుంచి తెచ్చిన పిండి రెక్కల పురుగు పిల్లల్లో దీన్నే పట్టుకున్నాడు. ఆ మర తురింజియా అనే ప్రాంతంలోది, అందుకే ఆ పేరు. 1938లో ఫ్రాన్స్‌లో మొదటి బీటీ మందు అమ్మకానికి వచ్చినప్పుడు కూడా దాని గురి పిండి పురుగే. పొలాలకి పాకింది ఆ తర్వాత. మీకు చెప్పొచ్చేదేమంటే, జబ్బు కలిగించేదే, కానీ జబ్బు పురుగుకి. పట్టు పురుగు కూడా గొంగళే కాబట్టి దానికీ ప్రాణాంతకమే. మల్బరీ తోటల దగ్గర బీటీ కొట్టవద్దనేది అందుకే.

అమెరికాలో పెద్ద పెద్ద ధాన్యపు కొట్లలో దీన్ని వాడే పద్ధతి ఉంది. గుట్ట మొత్తానికి కాదు. కొట్టు నింపాక పైనున్న నాలుగు అంగుళాల గింజలకి మాత్రం పట్టిస్తారు, రెక్కల పురుగు గుడ్లు పెట్టేది అక్కడే గనక. కొట్టులో ఎండ పడదు కాబట్టి పొలంలోలా నాలుగు రోజుల్లో చచ్చుబడిపోకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. అదీ పురుగు రాకముందు చేసే పని. బాగా పెరిగిన గొంగళికి మోతాదు చాలదు, రెక్కలొచ్చినదానికి అసలు పనిచెయ్యదు.

అలా అని మీ రవ్వ డబ్బాలో చల్లమని చెప్పడం లేదు! మీకున్నది కొన్ని డబ్బాలు. ఉండకట్టిన రవ్వ పారబొయ్యండి, దాన్ని జల్లించి దాచుకోవాలన్న ఆశ వద్దు. మిగతాది జల్లించి, చేతికి వచ్చినంత సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో వారం ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. బియ్యాన్ని మండుటెండలో పొయ్యకండి, పగిలి నూకైపోతుంది. నీడలో పల్చగా ఆరబోస్తే గొంగళ్ళు వాటంతటవే పక్కకి పాకుతాయి. డబ్బా మూత మర లోపల, అల్మారా మూలల్లో, గ్యాస్ బండ వెనక గోడకి తెల్లటి చిన్న గూళ్ళు ఉంటాయి, అవి గీకి పారెయ్యండి. చాలామంది డబ్బాలు కడిగి, గోడ వదిలేస్తారు. మళ్ళీ నెలకి మొదలు.

ఒక ముచ్చట. పొలంలో పురుగు గుడ్లని తినే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగని కార్డుల మీద పెంచి రైతులకి ఇస్తారు, చూసే ఉంటారు. ఆ కార్డు మీద అంటించేవి మీరు తిట్టుకుంటున్న ఈ కోర్సైరా గుడ్లే. ల్యాబుల్లో జొన్న నూకా గంటెల నూకా పెట్టి, ట్రేలలో దీన్ని అపురూపంగా పెంచుతారు.

ప్రశ్న: మాది చిన్న జీడిపప్పు యూనిట్. వానాకాలంలో గుండు, బద్ద రెండింట్లోనూ గూళ్ళు కడుతోంది. గోదాములో బీటీ పిచికారీ చేయిస్తే ఎలా ఉంటుంది?
పలాస

జవాబు: డబ్బు దండగ. పప్పుకి పట్టే రెక్కల పురుగుల మీద బీటీ పనిచేసినా, పప్పు మీద పొడి ఉన్న సరుకుని ఏ కొనుగోలుదారు తీసుకుంటాడు? మీ గోదాములో చూడాల్సింది పాత సంచుల కుప్ప, గ్రేడింగ్ బల్ల కింద పేరుకున్న పొట్టు, పొడి. పురుగు అక్కడ పుట్టి పప్పుకి వస్తుంది. వలిచిన పప్పుని బస్తాల్లో రోజుల తరబడి తెరిచి ఉంచకుండా, ఆరిన వెంటనే గాలి తీసిన ప్యాకింగ్‌లోకి, లేదా కార్బన్ డయాక్సైడ్ నింపిన డబ్బాల్లోకి మార్చండి. ఎగుమతి చేసేవాళ్ళు చేసేది అదే. గాలి లేని చోట ఏ పురుగూ బతకదు, ఏ మందూ అక్కర్లేదు.

ప్రశ్న: సార్, నేను వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. బీటీకి పురుగు అలవాటు పడే ప్రమాదం లేదా? సహజమైన మందు కాబట్టి పడదని మా స్నేహితుడు వాదిస్తున్నాడు.
ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మీ స్నేహితుడిని టీ తాగించి నెమ్మదిగా చెప్పండి. బీటీకి పురుగు అలవాటు పడిందని ప్రపంచానికి మొదట గట్టిగా చూపించింది పొలం పురుగు కాదు, నిల్వ ధాన్యపు రెక్కల పురుగే. 1985లో ఫలితాలు ప్రకటించిన అమెరికా కాన్సాస్ శాస్త్రవేత్త ఒకరు, బీటీ వాడిన ధాన్యపు కొట్లలోంచి ప్లోడియా అనే పురుగుని పట్టుకొచ్చి, బీటీ కలిపిన మేత మీదే తరాల తరబడి పెంచాడు. రెండు తరాలకే తట్టుకునే శక్తి 30 రెట్ల దాకా పోయింది. 15 తరాలకి 100 రెట్లు. తర్వాత తేలిందేమంటే, పేగులో ఆ ప్రోటీన్ అతుక్కునే చోటే ఆ పురుగుల్లో మారిపోయింది.

ఎందుకంత తొందరగా? నా మటుకు నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. పొలంలో కొట్టిన బీటీని ఎండ తినేస్తుంది, వాన కడిగేస్తుంది, పక్క పొలం నుంచి మందు ఎరగని పురుగులు వచ్చి కలుస్తాయి. కొట్టులో ఆ మూడూ లేవు. చీకట్లో మందు నిలిచి ఉంటుంది, అదే గింజ మీద తరం తర్వాత తరం పుడుతుంది, బయటి సంబంధాలు తక్కువ. బతికినవి బతికినవాటితోనే జత కడతాయి. కొట్లో బీటీకున్న పెద్ద సుగుణమని ఇందాక రాసిన నిలకడే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. సహజమా కృత్రిమమా అని పురుగు చూడదు. గుజరాత్ పత్తిలో గులాబీ రంగు పురుగు బీటీని దాటేసిన సంగతి మీ పాఠాల్లో వచ్చే ఉంటుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, గ్యాస్ బిళ్ళ నాలుగు గుడ్డలో కట్టి గాదెలో పడేస్తే చాలు అని మా బావగారు అంటున్నారు. మా గాదె పడుకునే గది పక్కనే ఉంది. పరవాలేదా?
చీపురుపల్లి దగ్గర నుంచి

జవాబు: పరవాలేదు కాదు, ప్రాణాలు పోతాయి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాల్లో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. మూడు గ్రాముల బిళ్ళ ఒక్క గ్రాము గ్యాస్ ఇస్తుంది. గింజలో ఉన్న వడ్ల పురుగుని కూడా చంపేది నిజంగా అదే, కాదనను. కానీ తడిక సందుల్లోంచి, తలుపు కింద నుంచి, గోడ పగుళ్ళలోంచి ఆ గ్యాస్ పక్క గదిలోకి వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. అందుకే అది అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రమే, గాలి చొరబడని కప్పు వేసి, మనుషులు మసలని గోదాముల్లో వాడాలి. నేను పనిచేసిన గోదాముల్లో బిళ్ళలు పెట్టిన రోజు నుంచి గడువు అయ్యేదాకా తాళం, బయట హెచ్చరిక బోర్డు, తీసేటప్పుడు మాస్కు. అంత తతంగం ఉట్టినే పెట్టలేదు. మీ బావగారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఇంట్లో ఇప్పటికే బిళ్ళల డబ్బా ఉంటే పిల్లల కంటపడకుండా తాళంలో పెట్టి, మండలం వ్యవసాయ అధికారిని అడిగి వదిలించుకోండి. కాలవలో పడెయ్యకండి.

గాలి చొరబడని ప్లాస్టిక్ పొర ఉన్న సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. బాగా ఆరిన వడ్లు అందులో పోసి మూతి బిగించి కడితే, లోపలి పురుగు ఉన్న ప్రాణవాయువు తానే వాడేసుకుని చస్తుంది. గింజలో దాక్కున్నదీ అంతే. మీ ఇంటికి అది సరిపోతుంది. ఎలకలు కొరకకుండా మాత్రం చూసుకోండి, చిన్న చిల్లు పడితే ఆ సంచీ మామూలు సంచీయే.

ప్రశ్న: వరి తర్వాత వేసిన మినుములు, పెసలు దాచుకున్నాం. పుచ్చిపోతున్నాయి. వీటికి బీటీ పొడి?
టెక్కలి

జవాబు: పనిచెయ్యదు. అది పెంకు పురుగు, రెక్కల పురుగు జాతి కాదు. గొంగళ్ళ మీద వాడే బీటీ రకం పెంకు పురుగులని తాకదు. వడ్లలో నుసి పురుగు, బియ్యంలో ముక్కు పురుగు అన్నీ ఆ బాపతే. మినుముల్ని బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకి 5 మిల్లీలీటర్ల వంటనూనె చొప్పున అన్ని గింజలకీ పట్టేలా చేత్తో కలపండి. గింజ మీద గుడ్డు నిలవదు. ఇంటికి వాడుకునేవి పప్పు చేసి పెట్టుకుంటే ఇంకా నయం. చోళ్ళు కూడా ఉన్నాయని చివర్లో రాశారు. వాటి గురించి బెంగ పడకండి, అంత సన్న గింజలో పురుగు పిల్ల పెరిగే చోటు లేదు. ఎండబెట్టి మూత పెట్టండి చాలు.

పురుగు పేరు తెలియకపోతే ఉత్తరంలో వర్ణన రాసేకంటే, గుప్పెడు గింజలు పురుగుతో సహా సీసాలో పోసి మూత బిగించి, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, దగ్గర్లో ఉన్నవాళ్ళు నైరా వ్యవసాయ కళాశాలకో పట్టుకెళ్ళండి.